వీపు మీద పేరు

వరంగల్లు చూడవచ్చిన వాళ్ళు కోటలో తోరణాల కింద ఫొటో దిగుతారు. వేయిస్తంభాల గుడిలో స్తంభాలు లెక్కపెట్టబోయి సగంలో మానేస్తారు. భద్రకాళి చెరువు గట్టున కాసేపు గాలి పీల్చుకుని రైలెక్కుతారు. వాళ్ళను తప్పుపట్టను. నలభై ఏళ్ళ పైబడి ఈ వూళ్ళోనే వుంటున్న నేను మాత్రం అంతకంటే ఏం చూశాను కనుక! నిరుడు చలికాలంలో, తెల్లవారుజాము అయిదున్నరకు, సుబేదారిలో ఆర్ట్స్ కాలేజీ మైదానం గేటు పక్కన గ్యాసు పొయ్యి ముందు నిలబడి సర్వపిండి గిన్నెలు మార్చుతూ వుంటే, నా వూరు నాకే కొత్తగా కనిపించింది.

కాలేజీలో ప్రబంధాలు చెప్పి బతికే మనిషికి ఈ అవతారమేమిటని అడుగుతారు. చెబుతాను.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో చదువుతోంది. “నువ్వు లెక్చరరువై వుండి పిల్లను అక్కడ వేశావేమే?” అని మా అత్తగారి వైపు బంధువులు ఇప్పటికీ పెళ్ళిళ్ళలో అడుగుతూనే వుంటారు. నేను నవ్వేసి లడ్డూ అందుకుంటాను. ఆ బడిలో ఆడపిల్లల కబడ్డీ జట్టు ఒకటి వుంది. ఆటలో దిగేవాళ్ళు ఏడుగురు, బల్ల మీద కూర్చునేవాళ్ళు అయిదుగురు. ఖమ్మంలో ఒక టోర్నమెంటుకు ఆ జట్టును పిలిచారు. పిలుపు వచ్చిన సాయంత్రమే వ్యాయామం మాస్టారు పన్నెండు మంది తల్లిదండ్రులనూ బడికి రప్పించి, నల్లబల్ల మీద లెక్క రాశారు. ప్రవేశ రుసుము 1,500. బనియన్లు, నిక్కర్లు 6,600. బూట్లు 10,800. మోకాలి పట్టీలు 3,000. రైలు, ఆటో 3,100. రెండు రోజుల తిండి 5,600. మందుల పెట్టె 400. అంతా కలిపి ముప్పై ఒక్క వేలు.

సర్కారు ఏమీ ఇవ్వదని అనరాదు. సమగ్ర శిక్ష పథకం కింద 2018-19 నుంచి ఉన్నత పాఠశాలకు ఆటల కోసం ఏడాదికి 25 వేల దాకా కేటాయించే ఏర్పాటు వుంది. అయితే ఆ పాతిక వేలూ ఒక్క కబడ్డీకే కాదు. వాలీబాలు వలకూ, ఖోఖో స్తంభాలకూ, పరుగు పందెం సున్నానికీ అన్నిటికీ అదే. మా బడిలో ఆ యేటి సొమ్ము అప్పటికే ఖర్చయిపోయింది. విద్యాహక్కు చట్టం, 2009లో వచ్చింది, ప్రతి సర్కారు బడికీ ఒక కమిటీ వుండాలనీ, అందులో ముప్పాతిక మంది తల్లిదండ్రులే వుండాలనీ, సగం మంది ఆడవాళ్ళయి వుండాలనీ చెప్పింది. కమిటీ అయితే వుంది. కమిటీకి పెట్టె లేదు, పెట్టెలో పైసా లేదు.

“మేడమ్, మీరు చదువుకున్నోళ్ళు. లెక్క మీరే రాయాలె” అన్నారు అందరూ. ఆ విధంగా రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి నా చేతికి వచ్చింది.

చందాల సంగతి ఈ వూరికి కొత్త కాదు. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం 1904లో పుట్టింది. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకోవడమే గగనమైన రోజుల్లో జనం పూనుకుని గ్రంథాలయం నిలుపుకున్నారు. పుస్తకానికి చందా ఇచ్చిన వూరు మోకాలి పట్టీకి ఇవ్వదా అనుకున్నాను. మొదటి విడత పన్నెండు ఇళ్ళలోనూ తలా కొంత వేస్తే 7,200 అయింది. ఆటో నడిపే ఒకాయన రెండు వందల నోటు ఇచ్చి, “సార్లకు చెప్పకుండ్రి, వచ్చే నెల ఇంకిన్ని ఇస్త” అన్నాడు. పద్దు రాస్తూ నేను తల వంచుకున్నాను.

సర్వపిండి ఆలోచన బట్టలు కుట్టే ఒక తల్లిది. “పొద్దుగాల నడిచేటోళ్ళు ఆకలి మీద ఉంటరక్కా, వేడివేడిగ పెడదాం” అంది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, పచ్చిమిర్చి, ఉల్లికాడ వేసి కలిపి, గిన్నె అడుగున చేత్తో అద్ది, వేళ్ళతో చిల్లులు పెట్టి, చిల్లుకో చుక్క నూనె వేసి మూత పెట్టడమే. చూడ్డానికి సులువు. నా మొదటి నాలుగూ గిన్నెకే అంటుకుపోయాయి. “మేడమ్, మీరు పైసలు తీసుకోండ్రి” అని నన్ను పొయ్యి దగ్గరి నుంచి మర్యాదగా పంపేశారు. రెండో ఆదివారానికి గాని మళ్ళీ నాకు గిన్నె ఇవ్వలేదు.

ఆ గేటు దగ్గర నిలబడి చూస్తే హనుమకొండంతా నడుచుకుంటూ పోతుంది. రిటైరైన తాసీల్దార్లు, చక్కెర వ్యాధి వాళ్ళు, పోలీసు పరీక్షకు పరుగెత్తే కుర్రాళ్ళు, నా దగ్గర చదివి నన్ను చూసి తప్పుకుపోబోయే విద్యార్థులు. ఒక డాక్టరుగారు రోజూ మూడు చుట్లు తిరిగి రెండు సర్వపిండులు తినేవారు. లెక్క ఎక్కడ సరిపోయిందో ఆయనకే తెలియాలి! అయిదు ఆదివారాలకు ఖర్చులు పోను 9,500 మిగిలింది. మా స్టాఫు రూములో తిరిగితే 3,300 వచ్చింది. అంతా ఇరవై వేలు. ఇంకా పదకొండు వేలు కావాలి.

అప్పుడు వచ్చారు కంట్రాక్టరుగారు. వారి అమ్మాయి కూడా జట్టులోదే.

“ఎందుకు మేడమ్ ఈ పిండి, పొయ్యి, తిప్పలు? బనియన్లు, బూట్లు నా మీద వేయండి. వీపు మీద మా కంపెనీ పేరు ఉండాలె, అంతే” అన్నారు. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, “మా బిడ్డను ఏడుగురిలో చూడుమని సారుకు మీరొక మాట చెప్పుండ్రి” అన్నారు.

ఉన్నమాట చెప్పాలి. నేను సంతోషించాను. ఆయన చివరి మాటను విననట్టు వుండిపోయాను. ఆ రాత్రి పక్క మీద మాత్రం ఒక పాత కథ జ్ఞాపకం వచ్చి నవ్వొచ్చింది. పోతన మా పాత వరంగల్లు జిల్లా బమ్మెరవాడని మా నమ్మకం. భాగవతాన్ని రాజుకు అంకితమివ్వనన్నాడని ఏళ్ళ తరబడి పిల్లలకు పాఠం చెబుతున్నాను. చెప్పే నేను పన్నెండు బనియన్ల వీపులు ఒక కంట్రాక్టరుగారికి అంకితమిచ్చి కూచున్నాను!

మర్నాడు సాయంత్రం మైదానంలో ఈ వార్త చెప్పాను. అందరూ చప్పట్లు కొడతారనుకున్నాను. బట్టలు కుట్టే తల్లి మాత్రం చీర కొంగు సర్దుకుంటూ నిలబడింది.

“మంచిదే మేడమ్. ఆయన బూట్లిచ్చిండు, ఆయన బిడ్డ ఆడుతది. లెక్క మీ చేతిల ఉన్నది, మీ బిడ్డ ఆడుతది. నా బిడ్డ సర్వపిండి అద్దుతది” అంది.

ఎవరూ మాట్లాడలేదు. మా అమ్మాయి అక్కడే వుంది, అన్నీ విన్నది. కంట్రాక్టరుగారి అమ్మాయీ వుంది. ఆ పిల్ల బూట్ల లేసు కట్టుకుంటున్నట్టు కిందికి వంగి ఎంతకూ లేవలేదు. నాకు కోపం వచ్చింది. తెల్లారగట్ల లేచి చేతులు కాల్చుకున్నది ఇందుకా అనిపించింది. ఇంటికి వచ్చి నోటుపుస్తకం బల్ల మీద విసిరేశాను. కాని, మా అమ్మాయి ఏడుగురిలో వుండదగిన ఆటగత్తె అవునా కాదా అన్న ప్రశ్న నన్ను నేను ఎన్నడూ వేసుకోలేదన్న సంగతి అప్పుడే తెలిసింది. ఉంటుందని అనుకున్నాను. ఎందుకనుకున్నానో!

మా చెల్లెలు టెక్సాసులో వుంటుంది. రాత్రి ఫోను చేసి గోడు వెళ్ళబోసుకుంటే అది పకపకా నవ్వింది. “అక్కా, నేను రెండేళ్ళుగా శుక్రవారం రాత్రి ఫుట్‌బాలు ఆట దగ్గర పాప్‌కార్న్ అమ్ముతున్నానే!” అంది. అక్కడ హైస్కూలు జట్లకు తల్లిదండ్రుల సంఘాలుంటాయట. బూస్టరు క్లబ్బులంటారు. ఆట దగ్గర తినుబండారాల కొట్టు పెడతారు, కార్లు కడుగుతారు, హోటలు వాళ్ళతో మాట్లాడుకుని ఒక రాత్రి అమ్మకంలో వాటా పుచ్చుకుంటారు. అలెన్ అనే వూళ్ళో హైస్కూలు స్టేడియంలో 18 వేల మంది కూర్చోవచ్చునట. ప్రజల ఓటుతో ఎత్తిన అప్పుతో, ఆరు కోట్ల డాలర్ల ఖర్చుతో కట్టి, 2012లో తెరిచారు. స్టేడియం అంత వున్నా సంచులకూ, భోజనాలకూ, ప్రయాణాలకూ తల్లులే మొక్కజొన్న పేలాలు అమ్మాలన్నమాట.

నన్ను ఆపిన మాట అది తర్వాత చెప్పింది. కొన్ని సంఘాలలో ఎవరు ఎంత పని చేస్తే వాళ్ళ పిల్ల పేర అన్ని మార్కులు వేసి, ఆ మేరకు ఆ పిల్ల ఖర్చు తగ్గించేవారట. వర్జీనియాలో జిమ్నాస్టిక్స్ పిల్లల తల్లిదండ్రుల సంఘం ఒకటి అలాగే చేసింది. 2013లో పన్నుల న్యాయస్థానం ఆ సంఘానికి పన్ను మినహాయింపు దక్కదని తీర్పు చెప్పింది. ధర్మం పేరు చెప్పి ఎవరి పిల్లకు వాళ్ళు దాచుకుంటే అది ధర్మసంస్థ కాదని దాని సారాంశం. ఇంకో చట్టం 1972 నాటిది. మగపిల్లల ఆటకు దాతలు ఎంత గుమ్మరించినా సరే, ఆడపిల్లలకు తక్కువ చేయడానికి బడికి వీల్లేదు. డబ్బు బయటినుంచి వచ్చిందన్న సాకు చెల్లదు.

ఆ మాట విని నాకు మా బడి క్రికెట్టు కిట్టు గుర్తొచ్చింది. మగపిల్లలకు బ్యాట్లు కావాలంటే వారంలో ఇద్దరు దాతలు దొరికారు. ఆడపిల్లల మోకాళ్ళకు మాత్రం సర్వపిండి దిక్కయింది.

“మీ సంఘంలో గొడవలు లేవా?” అన్నాను.

“లేకేం! పోయిన నెల ఒకావిడ పాప్‌కార్న్ యంత్రం తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది” అంది చెల్లెలు.

రెండో సమావేశం మా ఇంటి డాబా మీద జరిగింది. నేనే ముందు మాట్లాడాను. ఏడుగురిని మా బడి మాస్టారు కాక, మాకెవరికీ తెలియని మరో బడి మాస్టారు వచ్చి ఆట చూసి ఎంచాలన్నాను. డబ్బు తాళం పెట్టెలో వేయాలి. ఎవరెంత వేశారో రాయకూడదు, వచ్చిన మొత్తం, పోయిన ఖర్చు మాత్రం బడి గోడకు అంటించాలి. వీపు మీద బడి పేరు, అంకె తప్ప మరేమీ వద్దు. కంట్రాక్టరుగారికి ఈ మూడోది బొత్తిగా నచ్చలేదు. “నేనేం దొంగతనం చేస్తున్ననా? ఇచ్చినోని పేరు రాసుకునుడు తప్పా?” అన్నారు. న్యాయంగానే వుంది ఆయన మాట. గుడి మెట్ల మీద, సత్రాల గోడల మీద, బడి ఫ్యాన్ల రెక్కల మీద కూడా దాతల పేర్లు చదువుకుంటూ పెరిగినవాళ్ళమే కదా మనమంతా. నాకు వెంటనే జవాబు తోచలేదు.

జవాబు వారి అమ్మాయి చెప్పింది. మెట్ల మీద నిలబడి వింటోందట. “బాపూ, నువ్వు పైసలిస్తే నేను ఆడ. నేను మంచిగ ఆడినా పైసలకు ఆడింది అంటరు” అంది. ఆయన లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. తరవాత రెండు వారాలు ఆయన జాడ లేదు.

పదకొండు వేలూ పూర్తిగా రాలేదు. బూట్లు లేని అయిదుగురికే బూట్లు కొన్నాం. మిగిలిన ఏడుగురూ పాతవాటినే కుట్టించుకున్నారు. దాంతో 6,300 తగ్గింది. ఇంకో రెండు ఆదివారాలు పొయ్యి పెట్టాం. పెట్టె తెరిచి చూస్తే మేం అనుకున్నదానికన్నా కాస్త ఎక్కువే వుంది. ఎవరిదో తెలియదు. తెలుసుకోవద్దని అనుకున్నాం గనక ఎవరూ అడగలేదు, కాని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఎంపిక రోజున బయటి మాస్టారు ఏడు పేర్లు చదివారు. కంట్రాక్టరుగారి అమ్మాయిది రెండో పేరు. బట్టలు కుట్టే తల్లి కూతురిది మూడోది. మా అమ్మాయి పేరు ఎనిమిదోది, అంటే బల్ల మీద మొదటిది. నేను నోటుపుస్తకంలో తల దూర్చి, అంతకు ముందే కూడిన అంకెలు మళ్ళీ కూడాను. తల్లి మనసు ఎంత చదివినా అంతే.

మధ్యాహ్నం గోల్కొండ ఎక్స్‌ప్రెస్సులో పద్నాలుగు మందిమి ఎక్కాం. పన్నెండు మంది పిల్లలు, మాస్టారు, నేను. వరంగల్లు స్టేషను దాటగానే పిల్లలు పులిహోర పొట్లాలు విప్పారు. పత్తి ఏరిన చేలు, మిరప తోటలు, మధ్యమధ్య బోడి గుట్టలు. రైలు నెక్కొండ సమీపిస్తుంటే, “ఇక్కడి నుంచి లోపలికి పోతే పర్వతగిరి మండలం, కల్లెడ వస్తుంది” అన్నాను.

“దీప్తి అక్క ఊరు!” అని పన్నెండు గొంతులూ లేచాయి. నాకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు.

కల్లెడ చిన్న పల్లె. అక్కడి బడిలో విల్లు పట్టిన వర్ధినేని ప్రణీత 2008లో బీజింగు ఒలింపిక్సులో బాణం వేసింది. అదే వూరి జీవంజి దీప్తి 2024 మే నెలలో జపానులోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి, తన తరగతిలో ప్రపంచ రికార్డు పెట్టింది. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్సులో 55.82 సెకన్లకు కంచు పతకం తెచ్చింది. పసితనంలో ఆ పిల్ల మాట తీరు, మొహం చూసి వెక్కిరించినవాళ్ళున్నారనీ, ఎక్కడైనా అనాథాశ్రమంలో వదిలేయమని తల్లిదండ్రులకు సలహా చెప్పినవాళ్ళు కూడా వున్నారనీ పత్రికల్లో వచ్చింది. బడిలో వ్యాయామం మాస్టారు ఆమె కాళ్ళలోని వేగాన్ని కనిపెట్టారు. తరవాత కోచ్ నాగపురి రమేష్ చేరదీశారు. హైదరాబాదుకు పంపమంటే ఆ కూలి కుటుంబానికి బస్సు చార్జీలే బరువయ్యాయట. గడవక అమ్ముకున్న పొలాన్ని ఆమె బహుమతి డబ్బుతో మళ్ళీ కొనుక్కున్నారట.

“మేడమ్, ఆ అక్కకు చందా ఎవరు వసూలు చేసిండ్రు?” అని అడిగింది బట్టలు కుట్టే తల్లి కూతురు.

నేను జవాబు వెతుక్కునే లోపల రైలు నెక్కొండ దాటిపోయింది. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ, “బస్సు చార్జీ దగ్గర ఆగిపోయినోళ్ళ పేర్లు మనకు తెల్వయి కదా బిడ్డా” అన్నారు. ఆయన ఇరవై ఏళ్ళుగా పిల్లలను ఆడిస్తున్న మనిషి. ఎవరెవరు జ్ఞాపకం వచ్చారో!

మా వూళ్ళో నెహ్రూ స్టేడియంలో సింథటిక్ ట్రాకు వుంది. 2021 సెప్టెంబరులో జాతీయ పోటీలు అక్కడే జరిగాయి. పంజాబు అమ్మాయి హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లలో, 2002 నుంచి నిలిచివున్న జాతీయ రికార్డును ఆ ట్రాకు మీదే బద్దలు కొట్టింది. ట్రాకు వుంది, పరుగెత్తే కాళ్ళున్నాయి. మధ్యలో ఆటో కిరాయి, బూట్లు, ఒక పూట గుడ్డు, పాలు. ఈ చిన్న పద్దులన్నీ ఇంటి మీదే పడతాయి. కేసముద్రం, మహబూబాబాదు, డోర్నకల్లు వచ్చి పోతున్నాయి. నేను నోటుపుస్తకం తీసి పులిహోర పొట్లాల ఖర్చు రాసుకున్నాను.

ఖమ్మంలో మొదటి రెండు ఆటలూ గెలిచాం. మర్నాడు పొద్దున క్వార్టరు ఫైనలుకు ముందు మైదానం అంచున ఒక కారు ఆగింది. కంట్రాక్టరుగారు దిగారు. వెనక తలుపు తీసి రెండు అరటిగెలలు, నీళ్ళ సీసాల అట్టపెట్టె దించారు. నన్ను చూసి, “ఇది చందా కాదు మేడమ్, అరటిపండ్లు. గోడకు అంటించకుండ్రి” అన్నారు. గట్టిగా నవ్వాను. వారి అమ్మాయి మాత్రం నవ్వలేదు. పండు తీసుకుని సగం ఒలిచి పక్కపిల్లకు ఇచ్చింది.

ఆ ఆట మూడు పాయింట్లతో ఓడిపోయాం. ఇంకో నాలుగు నిమిషాలుందనగా బట్టలు కుట్టే తల్లి కూతురు మడమ బెణికి కూలబడింది. బదులుగా మా అమ్మాయిని దింపారు. ఒక్కసారి కూతకు వెళ్ళింది. గీత దాటి, అటూ ఇటూ రెండడుగులు వేసి, ఎవరినీ తాకకుండా తిరిగి వచ్చింది. బల్ల దగ్గరికి రాగానే మొదట ఆ పిల్ల మడమ మీద మంచుగడ్డ పట్టుకుని కూర్చుంది. నా వైపు చూడలేదు.

తిరుగు రైల్లో లెక్క చూశాను. నిల్వ 460 రూపాయలు. వరంగల్లు స్టేషనులో తల్లిదండ్రులంతా వచ్చి వున్నారు. అక్కడికక్కడే ఆ సొమ్ము ఏం చేయాలని వాదన మొదలైంది. మిఠాయి పంచుదామని ఒకరు, మళ్ళీ యేటికి దాచుదామని ఒకరు. బట్టలు కుట్టే తల్లి కూతురి కాలు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ, “మడమ పట్టీ ఎంతుంటది మేడమ్?” అని అడిగింది.

“రెండు వందల యాభై” అన్నారు మాస్టారు.

“అది పెట్టెలకెళ్ళి కొనుండ్రి. నా బిడ్డకని కాదు, జట్టుకు. ఎవరికి బెణికితె వాళ్ళు కట్టుకుంటరు” అంది.

రాసుకున్నాను. మడమ పట్టీ ఒకటి, 250. నిల్వ 210. ఆమె మెట్లు దిగబోతూ వెనక్కి తిరిగి, “అక్కా, వచ్చే ఆదివారం శనగపప్పు మీరు నానబెట్టుండ్రి. మొన్న మర్చిపోయిండ్రు” అని చెప్పి ఆటో ఎక్కింది.